తక్కువ ఖర్చులో మంచి మానిటరు: ఎంపిక, అమరిక
(సొసైటీ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు అప్పగించిన విషయం చూడటానికి చాలా చిన్నది. విద్య గురించి, ఉపాధి గురించి పెద్దలు మాట్లాడిన తరువాత, అట్టపెట్టెలో వచ్చే ఒక పలక గురించి అరగంట వినమంటే మీకు విసుగు కలగవచ్చు. అయినా యీ విషయం కావాలని అడిగింది మీరే. "పిల్లవాడికి మానిటరు కొనాలి, యేది కొనమంటారు?" అని సభ్యులు అడిగినన్ని సార్లు మరొకటి అడగటం లేదు.

అందుకు కారణం వున్నది. మనం యింకా ఎంసెట్ అనే పిలుస్తున్న ఈఏపీసెట్ గానీ, జె.ఇ.ఇ. మెయిన్ గానీ యిప్పుడు కాగితం మీద రాసే పరీక్షలు కావు. కంప్యూటరు ముందు మూడు గంటలు కూర్చుని రాయాలి. మన పిల్లలు చాలామంది యేడాది పొడుగునా అరచేతిలో పట్టే సెల్‌ఫోనులో పాఠాలు విని, నమూనా పరీక్షలు కూడా అందులోనే రాసి, పరీక్ష రోజున మొదటిసారి పెద్ద స్క్రీను ముందు కూర్చుంటున్నారు. ప్రశ్న ఒక పక్క, బొమ్మ ఒక పక్క, మిగిలిన టైము ఒక మూల, ప్రశ్నల నంబర్లు మరొక పక్క. యెక్కడ చూడాలో కన్నుకు అలవాటయ్యేలోపు పది నిమిషాలు పోతాయి. చదువు వచ్చిన పిల్లకు అలవాటు లేక ర్యాంకు పోతే ఆ బాధ యెవరితో చెప్పుకోవాలి?

ఇక రెండో సంగతి డబ్బు. బడ్జెటు మానిటరు అంటే రమారమి ఆరేడు వేల నుంచి పదివేల రూపాయల లోపు. కొందరి యిళ్ళలో అది నెల వెచ్చాల ఖర్చు. అంత పెట్టి కొన్న వస్తువుతో ఐదారేళ్ళు కాపురం చెయ్యాలి. అందుచేత ఒక పూట వెచ్చించి తెలుసుకుని కొనటం మంచిది.

మొట్టమొదట, బజారుకు పోయే ముందు మీ యింట్లో యేముందో చూడండి. మానిటరు ఒక్కటే కొంటే పని జరగదు, దాని వెనక కంప్యూటరు వుండాలి. అయితే స్క్రీను పగిలిన పాత లాప్‌టాపు బీరువా పైన పడి వుంటే, అది పనికిరానిది కాదు. చాలాసార్లు స్క్రీను ఒక్కటే పోయి లోపల యంత్రం బాగానే వుంటుంది. పక్కన హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం వుంటే ఒక తీగతో మానిటరుకు కలపండి. కీబోర్డులో విండోస్ గుర్తున్న మీటనూ, పి అక్షరాన్నీ కలిపి నొక్కితే నాలుగు మార్గాలు వస్తాయి. "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" అన్నది యెంచుకుంటే బొమ్మ అంతా మానిటరు మీదికే వెళుతుంది. మూత వేసినా లాప్‌టాపు నిద్రపోకుండా వుండాలంటే పవర్ సెట్టింగులలో మూత వేసినప్పుడు "డూ నథింగ్" అని పెట్టుకోవాలి. ఒక కీబోర్డు, ఒక మౌసు బయటివి తగిలిస్తే బల్ల మీద కంప్యూటరు తయారు. లాప్‌టాపు స్క్రీను మార్పించటానికి అయ్యే ఖర్చు చాలాసార్లు కొత్త మానిటరు ఖరీదుకు దగ్గరగా వస్తుంది. ఆ డబ్బు మానిటరు మీద పెట్టటమే మేలని మా అభిప్రాయం.

ఇక సైజు సంగతి. దుకాణదారు 19, 22, 24, 27 అని చెబుతాడు. ఇవి అంగుళాలు, ఒక మూల నుంచి యెదుటి మూలకు ఐమూలగా కొలిచిన కొలత. 24 అంగుళాల మానిటరు వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, యెత్తు 30 సెంటీమీటర్లు. టేపు తీసుకుని మీ బల్ల కొలుచుకోండి. కానీ సైజు ఒక్కటే చూసి కొనేవారు మోసపోతారు. స్క్రీను మీద బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. ఆ చుక్కలు యెన్ని అన్నది అసలు ప్రశ్న. ఫుల్ హెచ్.డి. అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలు. చవకగా దొరికే పద్దెనిమిదిన్నర అంగుళాల వాటిలో 1366 × 768 మాత్రమే వుండటం మామూలు, అంటే దాదాపు సగం. అట్టపెట్టె మీద "హెచ్.డి." అని పెద్ద అక్షరాలతో రాస్తారు. దాని ముందు "ఫుల్" అన్న మాట వుందో లేదో చూడండి. ఆ ఒక్క మాట లేకపోతే చుక్కలు సగానికి పడిపోయాయని అర్థం.

చుక్కల సంగతి యింత పట్టించుకోవటం దేనికంటారా? ఇంగ్లీషు అక్షరాలకైతే అంత పట్టింపు లేదు, కొద్ది చుక్కలతోనే సరిపెట్టుకుంటాయి. మన భాషలు అట్లా కాదు. తెలుగులో పకు, ఫకు మధ్య తేడా కింద ఒక చిన్న గీత. దకు, ధకు తేడా అంతే. "రాష్ట్రం" అన్న మాటలో ష కింద రెండు వత్తులు వుండాలి. స్క్రీను మీద మామూలు సైజు అక్షరం యెత్తు పదిహేను చుక్కలు కూడా వుండదు. అందులోనే తలకట్టు, అక్షరం, వత్తు, దాని కింద మరో వత్తు యిమడాలి. చుక్కలు చాలకపోతే వత్తులన్నీ ఒక మసి మరకలాగా అవుతాయి.

ఉర్దూ అయితే చెప్పనే అక్కరలేదు. నస్తాలీఖ్ లిపిలో మాట మెట్లు దిగినట్టు వాలుగా నడుస్తుంది. బే కింద ఒక చుక్క, పే కింద మూడు, తే పైన రెండు. ఒకే గీతకు చుక్కలు మారితే అక్షరం మారుతుంది. చుక్క పైన వుంటే ఖుదా, అదే కింద వుంటే జుదా, అంటే యెడబాటు. మనవాళ్ళలో ఇన్‌పేజ్‌లో పెళ్ళి రుఖాలు, కరపత్రాలు తయారుచేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే అక్కచెల్లెళ్ళు వున్నారు. తెలుగు ఒక పక్క, ఉర్దూ ఒక పక్క వేసే శుభలేఖ అది. నుక్తా కనపడక వరుడి పేరు తప్పు పడితే ఐదు వందల కార్డులు వృథా, పైగా పెళ్ళివారింట్లో మాట. అటువంటి పని చేసేవారు చుక్కల విషయంలో రాజీ పడవద్దు.

అయితే యెంత సైజులో ఫుల్ హెచ్.డి. తీసుకోవాలి? అవే చుక్కలు పెద్ద పలక మీద పరిస్తే పలచబడతాయి. ఇరవై ఒకటిన్నర అంగుళాల మీద అంగుళానికి 102 చుక్కలు పడతాయి. 24 మీద 92. 27 అంగుళాల మీద 82 కన్నా తక్కువ. కాబట్టి 27 అంగుళాల ఫుల్ హెచ్.డి. మానిటరు చూడటానికి దర్జాగా వున్నా దగ్గర కూర్చుని చదివేవారికి అక్షరం గరుకుగా వుంటుంది. 27 కావాలంటే 2560 × 1440 తీసుకోవాలి, అది మన బడ్జెటులో రాదు. విద్యార్థికి, యింట్లో పనికి 22 లేదా 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. చాలు. మేము యెవరడిగినా యిదే చెబుతున్నాము.

కొందరు భాయీలు తెలివిగా ఒక లెక్క వేస్తారు: "మానిటరు ధరకు 32 అంగుళాల టీవీయే వస్తుంది కదా, చదువుకు చదువు, సీరియలుకు సీరియలు!" చవక టీవీలలో 32 అంగుళాలవి చాలావరకు 1366 × 768 వే. లెక్క కట్టండి, అంగుళానికి 49 చుక్కలు. ఆరడుగుల దూరాన కూర్చుని చూడటానికి చేసిన వస్తువు అది. దాని ముందు చెయ్యి చాపు దూరంలో కూర్చుంటే జల్లెడలోంచి చూసినట్టు వుంటుంది. పైగా టీవీలు బొమ్మ అంచులు కొంచెం కత్తిరించి చూపుతాయి, యెర్రటి అక్షరాల అంచులు చెదిరిపోతాయి. ఇవన్నీ కాక, పిల్లవాడు చదువుకునే వేళకు సీరియలు వస్తుంది. ఆ తగాదా తీర్చటం యే ఇంజనీరు వల్లా కాదు.

పలక రకాలు మూడున్నాయి: టి.ఎన్., వి.ఎ., ఐ.పి.ఎస్. మొదటిది పాతది, పక్కనుంచో కిందనుంచో చూస్తే రంగులు తిరగబడతాయి. వి.ఎ.లో నలుపు బాగా నల్లగా వుంటుంది, సినిమాలకు బాగుంటుంది. ఐ.పి.ఎస్. 1996లో జపానులో హిటాచీ కంపెనీ తీసుకువచ్చింది, యేవైపు నుంచి చూసినా రంగు మారదు. ఒకప్పుడు ఖరీదు, ఇప్పుడు బడ్జెటు మానిటర్లలోనే దొరుకుతున్నది. ఒకే స్క్రీను ముందు ఇద్దరు పిల్లలు, వెనక తల్లి నిలబడి చూసే యిళ్ళు మనవి. కనుక ఐ.పి.ఎస్. తీసుకోండి.

అట్టపెట్టె మీది మిగతా రాతల సంగతి త్వరగా చెబుతాము. సెకనుకు 60 సార్లా, 75 సార్లా, 100 సార్లా అన్నది బొమ్మ మారే వేగం. 100 అదే ధరకు వస్తే మంచిదే, పేజీ జరిపినప్పుడు నునుపుగా వుంటుంది. అదనంగా వెయ్యి పెట్టనక్కరలేదు. "ఒక మిల్లీసెకను" అన్నది ఆటలాడేవారి కోసం. కాంట్రాస్టు కోట్లలో రాస్తే నమ్మవద్దు, ఐ.పి.ఎస్.కు వాస్తవంగా వుండేది వెయ్యికి ఒకటి, ఆ చుట్టుపట్ల. "హెచ్.డి.ఆర్." అన్న ముద్ర యీ ధరలో అలంకారమే. "ఫ్లికర్ ఫ్రీ" అన్నది మాత్రం పనికొచ్చే మాట. కొన్ని మానిటర్లలో వెలుగు తగ్గించినప్పుడు లోపలి దీపం కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటుంది, కొందరికి దానితో తలనొప్పి వస్తుంది. దుకాణంలో వెలుగు బాగా తగ్గించి, సెల్‌ఫోను కెమెరా తెరిచి స్క్రీను వైపు చూపండి. కెమెరాలో నల్లటి పట్టీలు కదిలితే అది ఆ రకం కావచ్చు, మరొకటి చూపించమనండి.

రంధ్రాల సంగతి తప్పక చూడాలి. పాత కంప్యూటరు వెనక నీలిరంగు పదిహేను పిన్నుల వి.జి.ఎ. ఒక్కటే వుండవచ్చు. ఇది 1987 నుంచి వస్తున్నది. కొత్త మానిటర్లు కొన్నింటిలో అది తీసేశారు, హెచ్.డి.ఎం.ఐ. మాత్రమే వుంటున్నది. అప్పుడు మధ్యలో మార్పిడి పరికరం కావాలి. ఇక్కడ ఒక మెలిక వుంది: హెచ్.డి.ఎం.ఐ. నుంచి వి.జి.ఎ.కు మార్చేది వేరు, వి.జి.ఎ. నుంచి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చేది వేరు. ఒకటి రెండోదానికి తిప్పి పెడితే పనిచెయ్యదు. దుకాణదారుకు "ఈ" మార్పిడి అని చెబితే చాలదు. కంప్యూటరు వైపు యేది, మానిటరు వైపు యేది అని స్పష్టంగా చెప్పాలి. కంప్యూటరు వెనక భాగాన్ని ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళటం అన్నిటికన్నా సులువు. అట్లాగే చాలా మానిటర్లలో స్పీకరు వుండదు. ఆన్‌లైన్ క్లాసులు వినేవారు ఆ సంగతి ముందే అడగండి.

పాత మానిటరు కొనవచ్చునా అని అడిగేవారు వున్నారు. నిక్షేపంగా కొనవచ్చు, చూసి కొంటే. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల, పెద్ద ఆఫీసులు వదిలేసిన మానిటర్లు దొరుకుతాయి. వాటిలో ఒక మేలు వున్నది, ఆఫీసు మానిటర్ల స్టాండు పైకి కిందికి జరుగుతుంది. కొత్తగా కొనే చవక మానిటర్లలో యీ సదుపాయం చాలావరకు వుండదు, ముందుకూ వెనక్కూ కాస్త వాలుతుంది, అంతే. పాతది కొనేటప్పుడు వెనక చీటీ మీద తయారైన సంవత్సరం చూడండి. బాగా పాతవాటిలో లోపల సన్నని ట్యూబులైటు వంటి దీపాలుంటాయి, వయసు మీరితే తెలుపు పసుపుగా, ఆన్ చేయగానే గులాబీ రంగుగా కనపడుతుంది. అటువంటిది వద్దు. ఎల్.ఇ.డి. వెలుగుదే తీసుకోండి. కనీసం అరగంట నడిపించి చూడనివ్వని దుకాణంలో పాత సామాను కొనవద్దు.

ఇప్పుడు డబ్బు కట్టే విషయం. ఇది మన కుటుంబాలు చాలామంది అడిగిన ప్రశ్న కనుక కొంచెం వివరంగా చెబుతాము. "నో కాస్ట్ ఇ.ఎం.ఐ., వడ్డీ లేదు" అని బోర్డు వుంటుంది. వడ్డీ తీసుకోకూడదు, ఇవ్వకూడదు అనుకునేవారు ఆ మాట నమ్మి సంతకం పెడతారు. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు ఒక సర్క్యులరు పంపింది, సున్నా వడ్డీ అన్న పద్ధతి అనేది లేదని అందులో స్పష్టంగా రాసింది. సాధారణంగా జరిగేది యేమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీ యెంతో అంత మొత్తాన్ని అమ్మకందారు ధరలో ముందుగానే తగ్గిస్తాడు. మీరు కట్టే మొత్తం పైకి అసలు ధరతో సమానంగా కనపడుతుంది. స్టేట్‌మెంటులో మాత్రం వడ్డీ అని ఒక పంక్తి వుంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. వుంటుంది, ప్రాసెసింగు రుసుము అని మరొకటి వుండవచ్చు. ఆ చివరి రెండూ మీ జేబులోంచే పోతాయి. ఇది తమకు సమ్మతమా కాదా అన్నది యెవరికి వారు, పెద్దలను అడిగి తేల్చుకోవలసినదే. మేము చెప్పేది లెక్క మాత్రమే. రొక్కం ఒకేసారి ఇస్తే తగ్గింపు యెంత అని అడగండి; మూడు నెలలు ఆగి కూడబెట్టి కొంటే ఆ తగ్గింపు మీదే.

బిల్లు తీసుకోవటం మరువకండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను" అన్న బేరంలో వారంటీ గాలికి పోతుంది. 32 అంగుళాల వరకు మానిటర్ల మీద పన్ను 2019 జనవరి 1 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. వెనక చీటీ మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషను నంబరు వుండాలి. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. వారంటీ కంపెనీని బట్టి మారుతుంది. ఎన్నేళ్ళో, సర్వీసు మీ వూళ్ళో వుందో లేదో, మానిటరు మోసుకుపోవాలో వాళ్ళే వస్తారో అడగండి. కడపలో వుండేవారికి హైదరాబాదులో సర్వీసు సెంటరు వుంటే లాభమేమిటి? అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు చెయ్యవచ్చు.

దుకాణంలోనే పెట్టె విప్పించి, ఆన్ చేయించి, స్క్రీనంతా ఒకే రంగుతో నింపి చూడండి: తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం. ఒక చుక్క వెలగకుండా వుంటే తెలుపు మీద కనపడుతుంది, ఆరకుండా వుంటే నలుపు మీద కనపడుతుంది. ఫోనులో ఐదు రంగుల బొమ్మలు పెన్‌డ్రైవులో వేసుకుపోతే రెండు నిమిషాల పని. ఒకటి రెండు చుక్కలకు చాలా కంపెనీలు మార్చి ఇవ్వవు, అందుకే డబ్బు చేతిలో వుండగానే చూడాలి.

ఇంటికి తెచ్చారు. ఇక అమరిక. కొనటంలో యెంత జాగ్రత్తపడ్డా, పెట్టటంలో పొరపాటు జరిగితే ఫలితం దక్కదు.

పెట్టెలోంచి తీసేటప్పుడు పలకను వేళ్ళతో నొక్కి పట్టుకోవద్దు, అంచులు పట్టుకోండి. బల్ల మీద మెత్తటి దుప్పటి పరిచి, ముఖం కిందికి పెట్టి స్టాండు బిగించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులలో దూర్చే అలవాటు మానాలి. ఎర్తు లేకపోతే ముట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటుంది. కరెంటు ఖర్చుకు భయపడనక్కరలేదు. 20 వాట్లు తినే మానిటరు రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు 5 యూనిట్ల లోపే. వెనకటి గాజు డబ్బా మానిటర్లు 70, 80 వాట్లు తినేవి.

ఎక్కడ పెట్టాలి? కిటికీ మీకు యెదురుగా వుండకూడదు, వెనకా వుండకూడదు, పక్కన వుండాలి. స్క్రీను ఆర్పేసి ఆ నల్లటి పలకలోకి చూడండి. ట్యూబులైటో కిటికీయో అందులో అద్దంలాగా కనపడితే ఆ చోటు పనికిరాదు, జరపండి. కంటికీ స్క్రీనుకూ చెయ్యి చాపినంత దూరం, 50 నుంచి 70 సెంటీమీటర్లు. స్క్రీను పై అంచు కంటికి సమంగానో కొంచెం కిందో వుండాలి. స్టాండు పొట్టిగా వుంటే కింద చెక్కపెట్టె పెట్టండి, పాత టెలిఫోను డైరెక్టరీలు యింకా యింట్లో వుంటే వాటికి యిన్నాళ్ళకు ఒక పని దొరికినట్టే.

చత్వారం వచ్చి రెండు భాగాల అద్దాలు పెట్టుకునే పెద్దలకు యీ కొలత సరిపడదు. దగ్గరి చూపు అద్దం కింది భాగంలో వుంటుంది కనుక, స్క్రీను యెత్తుగా వుంటే గడ్డం పైకెత్తి చూస్తారు. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. వారికోసం స్క్రీను ఇంకా కిందికి దించి కాస్త వెనక్కు వాల్చాలి. ఒకే మానిటరు తాతా మనవడూ వాడే యింట్లో ఆ జరిగే స్టాండు విలువ అప్పుడు తెలుస్తుంది. చిన్నపిల్లలకు కుర్చీలో కాళ్ళు వేలాడకుండా కింద పీట వెయ్యండి. తివాచీ మీద కూర్చుని చౌకీ మీద రాసుకునే యిళ్ళలోనూ యిదే లెక్క, స్క్రీను కంటికి తగ్గ యెత్తులో వుంటే చాలు, కుర్చీబల్లలు కొననక్కరలేదు.

తరువాత విండోస్‌లో చెయ్యవలసినవి. ఖాళీ చోట మౌసు కుడి మీట నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. రిజల్యూషన్ దగ్గర 1920 × 1080, రికమెండెడ్ అని వున్నదే వుండాలి. అక్షరాలు చిన్నవిగా వున్నాయని కొందరు రిజల్యూషన్ తగ్గిస్తారు, అది కళ్ళద్దాలకు ఆవిరి పట్టించుకోవటమే. అక్షరం పెద్దది కావాలంటే స్కేల్ అన్న చోట 100ను 125 చెయ్యండి, అక్షరం పెరుగుతుంది, స్పష్టత పోదు. 100 సార్లు మారే మానిటరు కొన్నా కంప్యూటరు దాన్ని 60 మీదే నడుపుతుండవచ్చు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళి మార్చాలి. వెతుకు పెట్టెలో క్లియర్‌టైప్ అని కొడితే ఐదు పేజీల చిన్న పరీక్ష వస్తుంది, కంటికి స్పష్టంగా కనపడే నమూనా యెంచుకుంటూ పోవటమే. హెచ్.డి.ఎం.ఐ. తగిలించాక నలుపు బూడిదరంగుగా, బొమ్మ వెలిసిపోయినట్టు కనపడితే మానిటరు చెడిపోయిందని కంగారుపడి దుకాణానికి పరుగెత్తవద్దు. బ్లాక్ లెవెల్ లేక ఆర్.జి.బి. రేంజ్ అన్నది కంప్యూటరులో ఒకటి, మానిటరులో ఒకటి వుంటుంది. రెండూ ఫుల్ అని కలిస్తే సరి. వి.జి.ఎ. వాడేవారు బొమ్మ పక్కకు జరిగితే ఆటో అన్న బటను నొక్కాలి.

ఇక వెలుగు. కొత్త మానిటర్లు దుకాణంలో మెరవటానికి వెలుగు బాగా యెక్కువ పెట్టి వస్తాయి. తెల్ల కాగితం ఒకటి స్క్రీను పక్కన పట్టుకోండి, స్క్రీనులో తెల్లటి పేజీ తెరవండి. స్క్రీను దీపంలా మెరుస్తుంటే వెలుగు తగ్గించండి, మురికిగా కనపడితే పెంచండి, రెండూ ఒకేలా అయ్యేవరకు. పగలు ఒకలా, రాత్రి ఒకలా వుంటుంది, రాత్రి తగ్గించుకోవాలి. కాంట్రాస్టు, షార్ప్‌నెస్ వచ్చినవి వచ్చినట్టే వుండనివ్వండి. డైనమిక్ అన్న మాట యెక్కడ కనపడినా ఆపెయ్యండి. చీకటి గదిలో స్క్రీను ఒక్కటే పెట్టుకుని చదవనివ్వవద్దు, చిన్న దీపమైనా వెనక వుండాలి.

నీలికాంతి అద్దాలు కొనమని కళ్ళజోడు దుకాణాలలో బలవంతం చేస్తున్నారని ఒక ఆపా అడిగారు. అప్పటిదాకా జరిగిన 17 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2023లో వచ్చింది. వాటివల్ల కంటి అలసట తగ్గుతుందనటానికి ఆధారం కనపడలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి. అలసటకు అసలు కారణాలలో ముఖ్యమైనది రెప్ప వెయ్యకపోవటం. మామూలుగా నిమిషానికి 15 సార్లు రెప్ప వేస్తాము. స్క్రీను చూస్తున్నప్పుడు అందులో సగం కూడా వెయ్యము. ఇరవై నిమిషాలకు ఒకసారి, ఇరవై అడుగుల దూరాన వున్నదాన్ని, ఇరవై సెకన్లు చూడమని వైద్యులు చెబుతారు. వీధిలోని వేపచెట్టయినా సరే. పిల్లవాడు కళ్ళు చికిలించి చూస్తున్నా, తలనొప్పి అంటున్నా మానిటరును తిట్టుకుంటూ కూర్చోవద్దు, కంటి పరీక్ష చేయించండి. హైదరాబాదువారికి మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి వున్నది.

తుడవటానికి కళ్ళద్దాలు తుడుచుకునే మెత్తని గుడ్డ, కొద్దిగా నీటి తడి, అంతే. అద్దాలు తుడిచే నీలిద్రవం వద్దు, స్పిరిటు వద్దు. నీళ్ళు స్క్రీను మీద చల్లవద్దు, గుడ్డకు తడి అద్దండి. వానాకాలం దీపం పురుగుల సంగతి ఒకటుంది. సన్నని పురుగు అంచు సందులోంచి దూరి అక్షరాల మధ్య నడుస్తూ కనపడుతుంది. వేలితో నొక్కారా, అది లోపల చచ్చి అక్కడే శాశ్వతంగా వుండిపోతుంది. మానిటరు ఆర్పేసి, గదిలో మరోచోట దీపం వెలిగించి వదిలెయ్యండి. చాలాసార్లు అదే బయటికి పోతుంది.

చివరగా, పాత గాజు డబ్బా మానిటరు యేం చెయ్యాలని వెనక వరుస నుంచి చాచా ఒకరు అడిగారు. ఇంట్లో విప్పవద్దు. లోపలి ట్యూబుకు 20 వేల వోల్టుల పైచిలుకు నడిచేది, తీగ పీకేసిన తరువాత కూడా అది కొంతకాలం నిలిచి వుండవచ్చు. ఆ గాజులో సీసం కలిసి వుంటుంది, లోపల గాలి లేని ఖాళీ, పగిలితే గాజు ముక్కలు యెగురుతాయి. రాగి కోసం దాన్ని రోడ్డు పక్కన సుత్తితో పగలగొట్టే పిల్లలు మన పేటల్లోనే వున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో వున్న ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం, రిజిస్టరయిన రీసైక్లరుకే అవి చేరాలి. మీ యిళ్ళలో వున్నవి ఒక చీటీ మీద రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి, అన్నీ కలిపి ఒకే బండిలో పంపటానికి వీలుంటుంది.